ఆంటీ రెండేళ్ల డిప్లొమా

మొన్న ఇక్కడ ఆక్లండ్‌లోనే బోటనీ డౌన్స్‌లో ఒక పుట్టినరోజు విందుకు వెళ్తే, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి పేపరు ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఇక్కడేదైనా డిప్లొమా చేద్దామనుకుంటోందట. "ఎన్నేళ్లు పడుతుంది ఆంటీ? ఏమేం కావాలి?" అని అడిగింది.

రెండేళ్లని చెప్పబోయి ఒక్క క్షణం ఆగాను. నిరుడు చలికాలంలో క్రైస్ట్‌చర్చ్‌లో పోయిన ఒకావిడ గుర్తొచ్చింది. తర్వాత ఆ అమ్మాయికి మామూలు జవాబే చెప్పాను. పూర్తికాలం చదివితే రెండేళ్లు. ఇంగ్లీషు పరీక్ష రాయాలి, పోలీసు క్లియరెన్సు తెచ్చుకోవాలి, పేపర్లన్నీ పాసవ్వాలి, ప్లేస్‌మెంటు అని ఒకచోట కొన్ని గంటలు పనిచేసి చూపించాలి. అమెరికాలో అసోసియేట్ డిగ్రీ అంటారే, ఇంచుమించు అలాంటిదే అన్నాను. ఆ అమ్మాయి "ఓ, రెండేళ్లేగా" అని తలూపి, పెరుగన్నం కోసం లేచి వెళ్లింది.

ఇంటికొచ్చాక కూడా ఆవిడే మనసులో మెదులుతూ ఉంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్లు తక్కువ. చర్చిలో, పనిచేసే చోట, క్లాసులో అందరికీ ఆవిడ ఆంటీయే. తెలుగు ముక్క రాని ఫిజీ పిల్లలు కూడా ఆంటీ అనే పిలిచేవాళ్లు.

నేను మొదటిసారి చూసింది డిప్లొమా తొలి క్లాసులో. రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. మా ఆయనకు ఆక్లండ్ ఉత్తరం కొసన ఆల్బనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి మేం ఈ ఊరు వచ్చాం. తెనాలిలో చదివిన ఎమ్మే తప్ప నా చేతిలో ఏమీ లేదు, అది చూసి ఇక్కడెవరూ పని ఇవ్వలేదు. ముసలివాళ్లతో, వికలాంగులతో పనిచేసేవాళ్లకు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సోషల్ సర్వీసెస్ డిప్లొమా ఉందంటే చేరాను. నేను పూర్తికాలం విద్యార్థిని. ఆవిడ పగలంతా పనిచేసి, సాయంత్రం ఉండే ఒక్క పేపరుకే, అంటే ఒక్క సబ్జెక్టు క్లాసుకే, వచ్చేది.

మా ట్యూటర్ పొడుగాటి కివీ ఆవిడ, అంటే ఈ దేశపు మనిషే. కుర్చీలు గుండ్రంగా వేయించి, ఎవరికి వాళ్లు పేరు, ఒక హాబీ చెప్పమంది. అందరూ కూర్చునే చెప్పారు. ఆంటీ వంతు రాగానే లేచి నిలబడింది. తెల్లటి పని బూట్లు, నీలం యూనిఫాం మీద ఊలు స్వెట్టరు, బిగించి చుట్టిన ముడి. రెండు చేతులూ పక్కలకు ఆనించి, తన పేరు, భర్త పేరు, ఊరు, జిల్లా, మిషన్ ఆస్పత్రిలో చేసిన ఏఎన్ఎం ట్రైనింగు, సర్వీసు అన్నీ వరసగా అప్పజెప్పింది. హాబీ దగ్గర మాత్రం ఆగి ఆలోచించింది.

"స్లీపింగ్, టీచర్" అంది.

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నిజమే చెప్పింది.

"నన్ను టీచర్ అనక్కర్లేదు, పేరు పెట్టి పిలవండి" అంది ట్యూటర్.

"ఎస్, టీచర్."

"కూర్చునే మాట్లాడొచ్చు."

"పర్లేదు, టీచర్."

తర్వాత ఆ ట్యూటర్ మారింది, ఇంకొకరు వచ్చారు, వాళ్లూ మారారు. ప్రశ్న అడిగితే ఆంటీ లేచి నిలబడటం మాత్రం మారలేదు. మొదట్లో పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వుకునేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లకూ అలవాటైపోయింది.

ఆవిడ ఉండేది మా ఇంటికి దగ్గర్లోనే, షాపింగ్ సెంటరు వెనక ఒక ఫ్లాట్‌లో. అందుకని క్లాసుకు నా కారులోనే వచ్చేది. ఎక్కగానే ముందు బూట్ల లేసులు వదులు చేసుకునేది. తర్వాత "ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటానమ్మాయ్" అని సీటుకు తల ఆనించేది. నోట్సు ఒళ్లో తెరిచే ఉండేది, చదవాల్సిన లైను మీద చూపుడువేలు ఉండేది. కారు ఎన్ని మలుపులు తిరిగినా ఆ వేలు కదిలేది కాదు. దిగే ముందు తనంతట తనే లేచి, లేసులు బిగించి, చదవడం ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టేది. వెనక సీట్లో మా పాప ఉంటే దానితో తెలుగులో మాట్లాడేది. అది ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనిపించేది కాదు.

ఒకసారి అడిగాను. "ఎందుకాంటీ ఈ వయసులో ఈ తిప్పలు?"

"నడుం కోసం" అంది కళ్లు తెరవకుండానే.

ఊళ్లో ఆవిడ చిన్న నర్సు. పురుళ్లు పోసేది, టీకాలు వేసేది. ఆ ట్రైనింగు ఇక్కడ నర్సు ఉద్యోగానికి సరిపోదు. రిజిస్టర్డ్ నర్సుగా పనిచేసే కూతురు తల్లిదండ్రుల్ని పిలిపించుకున్నాక, ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివరుగా చేరింది. అది ముసలివాళ్లు ఉండే చోటు. వాళ్లను మంచం మీంచి లేపాలి, స్నానాలు చేయించాలి, కుర్చీలో కూర్చోబెట్టాలి, మళ్లీ పడుకోబెట్టాలి. బరువులెత్తే యంత్రం ఉన్నా దానికోసం ఎదురుచూసే తీరిక ఉండేది కాదట. యాభై దాటిన మనిషి, తనకు రెండింతలున్న వాళ్లను ఎత్తేది.

"నడుం ఒక్కటే నాది కాదమ్మాయ్. మిగతా ఒళ్లంతా బాగానే ఉంది" అనేది.

అదే రెస్ట్‌హోమ్‌లో యాక్టివిటీస్ చూసే ఉద్యోగం ఒకటి ఉంది. ముసలివాళ్ల చేత పాటలు పాడించాలి, కూర్చున్నచోటే బంతి ఆడించాలి, ఎండొస్తే తోటలో తిప్పాలి. ఎత్తడం దించడం ఉండదు. ఆ పని చేస్తున్నావిడ కొన్నేళ్లలో రిటైరవుతుంది. డిప్లొమా ఉంటే ఆ పని నీకే ఇస్తానని మేనేజరు నోటిమాటగా చెప్పిందట. అంతే, చేరిపోయింది.

రెండేళ్లకు నా చదువు అయిపోయింది. మేముండే తూర్పు వైపునే ఒక సేవాసంస్థలో ఉద్యోగం వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ దారిలోనే ఆఫీసు కాబట్టి, పని అయ్యాక ఆంటీని క్లాసుకు నేనే తీసుకెళ్తూ ఉండేదాన్ని. ఎందుకంటే ఆవిడ చదువు అవ్వలేదు.

సగం పేపర్లు కూడా అవ్వలేదు. కూతురికి నెలలు నిండాయని ఒక పేపరు వదిలేసింది. మనవడు పుట్టాక వాణ్ణి చూసేవాళ్లు లేక ఇంకో పేపరు వదిలేసింది. ఊళ్లో వాళ్లమ్మ పోయిందని వెళ్లి వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. అంకుల్‌కు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఒక ఏడాది అసలు పేరే నమోదు చేయించుకోలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఇంగ్లీషు పరీక్ష పాతబడింది, మళ్లీ రాయమన్నారు. రాసింది. ఒకసారి తప్పింది, మళ్లీ రాసింది. ఏ దెబ్బ తగిలినా ఆవిడ అనేది ఒక్కటే మాట, "సరేలే." ఆ మాటలో ధైర్యం ఉందని నేననను. బస్సు తప్పిపోయినవాళ్లు బెంచీ మీద కూర్చుంటూ అనే మాటలా ఉండేది.

చర్చిలో ఎవరైనా "ఇంకా ఎన్నాళ్లు మీ కోర్సు?" అని అడిగితే మాత్రం, ఏ ఏడాదైనా "రెండేళ్లదండీ" అని చెప్పేది. వేళాకోళానికి కాదు. బ్రోచరులో అలాగే ఉంది మరి.

అంకుల్ ఊళ్లో మిషన్ హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఇక్కడ డ్రిల్లు చేయించుకునేవాళ్లు లేరు. సూపర్‌మార్కెట్టులో కొన్నాళ్లు ట్రాలీలు వరసపెట్టే పనిచేశాడు. ఆపరేషన్ తర్వాత అదీ మానేసి వంట చేయడం నేర్చుకున్నాడు. భార్య చదువంటే మొదట్లో చిరాకు. "దీని బదులు పడుకోవచ్చు గదా" అనేవాడు. తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, ఆవిడ రాసిన ఎసైన్‌మెంట్లు గట్టిగా చదివి తప్పులు చూసేవాడు. నేను ఒకరోజు వెళ్లేసరికి హాలు మధ్యలో నిలబడి కాగితం చాపిన చేత్తో పట్టుకుని, గ్రౌండులో పిల్లలకు వినిపించేటంత గొంతుతో చదువుతున్నాడు. "ద క్లయింట్! హాజ్ ఎ రైట్! టు డిగ్నిటీ!" సోఫాలో ఆంటీ చెవులు మూసుకుని కూర్చుంది. పక్కింటి చైనా అతను గోడ మీద తట్టాడు.

"కామా దగ్గర ఆగాలి, ఆగట్లేదు నువ్వు" అన్నాడు అంకుల్.

"రాసింది నేను. చదివేది మీరు. ఆగాల్సింది మీరే" అంది ఆంటీ.

అన్ని పేపర్లలోనూ ఆవిణ్ణి బాగా సతాయించింది ఒకటుంది. దానికి పరీక్ష లేదు, పుస్తకం లేదు. పనిలో మీకెదురైన అనుభవం రాయండి, దాని గురించి మీరేం అనుకున్నారో, మీకేం అనిపించిందో రాయండి అంటారు. ఆంటీ ఆస్పత్రిలో డ్యూటీ రిపోర్టు రాసినట్టు రాసేది. ఫలానా ముసలాయన పొద్దున లేచాడు, స్నానం అయింది, గంజి తాగాడు, విరేచనం అయింది, హాయిగా ఉన్నాడు. ట్యూటర్ కింద ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న రాసి తిప్పి పంపింది.

"చూడమ్మాయ్, ఏం రాసిందో. ఇందులో నువ్వెక్కడున్నావు అని అడుగుతోంది. నేను అక్కడే ఉన్నాను గదా! నేను లేకపోతే ఆయనకు స్నానం ఎవరు చేయించారంట?"

"అది కాదాంటీ. మీ మనసులో ఏముందో రాయమంటున్నారు."

"నా మనసుతో వీళ్లకేం పని? అది కూడా డిప్లొమాలో ఉందా?"

ఉంది అన్నాను.

"మా సిస్టరమ్మ చెప్పేది, డ్యూటీలో ఏడిచే మనిషి డ్యూటీకి పనికిరాదని. మేం అట్టా నేర్చుకున్నాం. ఇప్పుడు వీళ్లు ఏడిస్తేనే మార్కులంటే ఎట్టా?"

రెండుసార్లు రాసింది. రెండుసార్లూ తప్పింది. సరేలే అంది.

అలా ఆరేళ్లు దాటాయి. పేపర్లు ఇక ఒకటో రెండో మిగిలాయనుకుంటున్నప్పుడు, కోర్సు మొత్తం మారిపోతోందని ఆఫీసు కౌంటర్లో చెప్పారట. పాత పేపర్లకు గడువు ఉంటుంది, ఆ గడువు దాటితే అవి లెక్కలోకి రావు. ఆవిడ మొదటి ఏడాది చేసిన పేపర్లు పోయినట్టే. అవి మళ్లీ చదవాలి.

ఆ రోజు కారు ఎక్కాక లేసులు వదులు చేసుకోలేదు. కళ్లు మూసుకోలేదు. "డిపార్టుమెంటు హెడ్డు దగ్గరికి రమ్మన్నారు. తోడుగా ఎవరినైనా తెచ్చుకోవచ్చంట. నువ్వు రా" అంది.

వెళ్లాం. హెడ్డు యాభయ్యేళ్ల కివీ ఆవిడ. జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. బల్ల మీద చల్లారిపోయిన టీ, పక్కనే కట్టలకొద్దీ కాగితాలు. ఆవిడ కూడా ఆ వారమంతా మాలాంటివాళ్లకు ఇదే మాట చెప్పి చెప్పి అలసిపోయినట్టుంది. గడువు సంగతి నెమ్మదిగా వివరించింది. ఇది తను పెట్టిన రూలు కాదని, నిజంగా బాధగా ఉందని చెప్పింది. ఆంటీ నిలబడి అంతా వింది.

"టీచర్, మీ దగ్గర ఆ పేపర్లకు గడువు అయిపోయింది. నాకు అవి ఇంకా గుర్తున్నాయి" అంది. "ఇప్పుడు అడగండి. చెప్తాను."

హెడ్డు నవ్వింది. నవ్వాక, ఎదురుగా ఉన్న మనిషి వేళాకోళమాడటం లేదని అర్థమైనట్టుంది. ఆంటీ చేతులు పక్కలకు ఆనించి నిలబడే ఉంది, ప్రశ్న కోసం చూస్తూ.

"ఇప్పుడిలా అడగడానికి కుదరదు. కానీ..." అని ఆగి, ముక్కు తుడుచుకుని, ఒక దారి చెప్పింది. ఇదివరకు నేర్చుకున్నదాని గురించి, పనిలో సంపాదించిన అనుభవం గురించి ఇద్దరు అసెసర్లు కూర్చోబెట్టి అడుగుతారు. వాళ్లకు తృప్తి కలిగితే ఆ పేపర్లు మళ్లీ చదవక్కర్లేదు. ఆంటీ రెండుసార్లు తప్పిన ఆ అనుభవాల పేపరు సంగతి కూడా అందులోనే తేల్చమని వాళ్లకు చెబుతానంది.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం ఆ ఇంటర్వ్యూ జరిగింది. నేను పక్కన కూర్చోవచ్చు, మాట్లాడకూడదన్నారు. అసెసర్లలో ఒకాయన చిన్నవాడు, పాఠాలు చెప్పేవాడు. రెండో ఆవిడ మావోరీ, ఈ దేశపు మూలవాసి. ఎన్నో ఏళ్లు రెస్ట్‌హోముల్లో పనిచేసి వచ్చిన మనిషి, ఆంటీ కంటే కొంచెం పెద్దదై ఉంటుంది. మొదట తన భాషలో చిన్న ప్రార్థన చేసింది. ఆంటీ తలవంచి, చివర ఆమెన్ అంది.

చిన్నాయన అడిగినవాటికి ఆంటీ తడుముకోకుండా చెప్పింది. ముసలివాళ్ల హక్కులు, మతిమరుపు జబ్బు, మందుల జాగ్రత్తలు, అన్నీ. ఆయన రాసుకుంటూ తలూపాడు. ఆంటీని కూర్చోమని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. తర్వాత ఆ మావోరీ ఆవిడ పెన్ను పక్కన పెట్టింది.

"మీరు చేసిన పని బాగా చెప్పారు" అంది. "ఆ పని మిమ్మల్ని ఏం చేసిందో చెప్పండి."

ఆంటీ నావైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఆంటీ తనే కుర్చీ లాక్కుని కూర్చుంది. క్లాసులో రెండేళ్లు చూశాను, హెడ్డు గదిలో చూశాను, మాట్లాడటానికి ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

ఇంగ్లీషులోనే, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"మా ఊళ్లో నేను పురుళ్లు పోసేదాన్ని. బిడ్డ రాగానే కడుగుతాం, తుడుస్తాం. చేతులు చూస్తాం, వేళ్లు చూస్తాం, కాళ్లు చూస్తాం. తిప్పి వీపు చూస్తాం. గుడ్డలో చుట్టి తల్లికి చూపిస్తాం. ఇక్కడికొచ్చాక నా డ్యూటీలో మొదటిసారి పోయిన మనిషి ఒక ముసలామె. చాలా చిన్నగా అయిపోయింది. కడగమన్నారు. కడిగాను, తుడిచాను. చేతులు చూశాను. వేళ్లు చూశాను. కాళ్లు చూశాను. తిప్పి వీపు తుడిచాను. దుప్పటిలో చుట్టాను. చుట్టి... తల్లికి చూపిద్దామని అటూ ఇటూ చూశాను."

ఆగింది.

"గదిలో ఎవరూ లేరు, టీచర్."

చిన్నాయన రాయడం ఆపేశాడు.

"అప్పుడేం చేశారు?" అంది మావోరీ ఆవిడ.

"పక్క గదిలో బెల్లు మోగింది. వెళ్లాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పాలి? ఇంటికి పోయి అన్నం వండాను."

"మీకెలా అనిపించింది ఆ రోజు?"

తప్పుడు జవాబు చెప్పకూడదన్నట్టు బాగా ఆలోచించింది ఆంటీ.

"టైర్డ్" అంది. "ఆ రోజు మొదలైంది. ఇంకా పోలేదు" అంది.

మావోరీ ఆవిడ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పక్కన కూర్చుని ఆంటీ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఆ పేపరులో అడిగింది ఇదే" అని మెల్లగా చెప్పింది. ఆంటీ ఆ చేతిని వదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. అలా ఉండనిచ్చింది.

కారెక్కాక నేనేదో ఓదార్పుగా చెప్పబోతే ఆవిడ కోపంగా ఉంది.

"దీనికా ఇన్నేళ్లు నన్ను ఫెయిల్ చేసింది? ముందే ఇట్టా అడిగితే చెప్పేదాన్ని గదా!"

"అడిగారాంటీ."

"ఎర్ర ఇంకుతో అడిగితే ఎవరు చెప్తారు?"

కొంచెం దూరం పోయాక మళ్లీ తనే అంది. "చెప్పుకుంటే గుండె తేలికవుద్దంటారు. నాకేం తేలిక కాలా. ఆకలేస్తంది."

మూల మీద డైరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, కనిపిస్తే ఆపాను. ఇద్దరం చెరో వేడి ‘పై’, కీమా కూరిన కజ్జికాయ లాంటిది, కొనుక్కుని కారులోనే తిన్నాం. ఒళ్లంతా పొరలు రాల్చుకుంటూ, "ఉప్పు తక్కువ" అంటూ, చివరి ముక్క దాకా తింది.

ఆ పేపర్లన్నీ పాసైనట్టే లెక్క వేశారు. అయినా వెంటనే అయిపోలేదు. ప్లేస్‌మెంటు గంటలు కొత్త రూలు ప్రకారం ఇంకొన్ని కావాలన్నారు. సెలవు రోజుల్లో ఒక వికలాంగుల కేంద్రానికి వెళ్లి అవీ చేసింది. అప్పుడు అయింది.

పట్టా ఇచ్చే రోజు కూతురు షిఫ్టులో ఇరుక్కుపోయి రాలేదు. అంకుల్, నేను, మా పాప వెళ్లాం. అద్దెకు తెచ్చిన నల్ల గౌను ఆంటీకి పొడవైంది. రెండు చేతులతో కుచ్చిళ్లు పట్టినట్టు పట్టుకుని వేదిక ఎక్కింది. మైకులో పేరు తప్పుగా పలికారు. మా పక్కన అంకుల్ ఉన్నట్టుండి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆ పెద్ద హాల్లో ఆయనొక్కడే. వెనకవాళ్లు కనపడట్లేదని గొణిగారు. నేను చొక్కా పట్టుకుని లాగాను. ఆయన కదల్లేదు. ఆవిడ పట్టా తీసుకుని మెట్లు దిగి తన కుర్చీలో కూర్చునేదాకా అలాగే నిలబడి, తర్వాత కూర్చుని, జేబురుమాలుతో కళ్లద్దాలు చాలాసేపు తుడుచుకున్నాడు.

మరుసటి వారం ఆంటీ పట్టా చూపించడానికి మేనేజరు దగ్గరికి వెళ్లింది. బయట కారులో నేను కూర్చున్నాను. తొందరగానే తిరిగొచ్చింది. యాక్టివిటీస్ ఆవిడ అప్పటికే రిటైరైంది. ఆ స్థానంలో ఎవరినీ తీసుకోవద్దని పైవాళ్లు నిర్ణయించారట. ఆ పని ఇకనుంచి కేర్‌గివర్లే తమ పనితో పాటు వంతులవారీగా చేస్తారట. నోటిమాట చెప్పిన మేనేజరు ఎప్పుడో మారిపోయింది. ఇప్పుడున్నావిడకు ఆ సంగతే తెలియదు. అభినందనలు మాత్రం చెప్పిందట.

ఎప్పటిలా సరేలే అంటుందేమోనని చూశాను. అనలేదు. సీటు బెల్టు పెట్టుకుని, "రేపు మార్నింగ్ షిఫ్టు" అంది. అంతే. ఆ తర్వాత కూడా ఏడాది దాకా ఆవిడ అక్కడే మనుషుల్ని ఎత్తుతూ దించుతూ ఉంది. వారానికొకసారి తన వంతొస్తే బంతి ఆడించేది.

తర్వాత కూతురికి క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రిలో ఉద్యోగం రావడంతో కుటుంబమంతా అటు వెళ్లిపోయారు. విమానాశ్రయంలో సామాను బరువు ఎక్కువైందని అంకుల్ రోకలి తీసి నాకిచ్చాడు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అక్కడొక చిన్న రెస్ట్‌హోమ్ వాళ్లకు డిప్లొమా ఉన్న మనిషి కావాల్సి వచ్చింది. ఆంటీని యాక్టివిటీస్‌కే తీసుకున్నారు. ఫోన్లో ఆ సంగతి చెప్పినప్పుడు గొంతులో సంతోషం ఏమీ వినపడలేదు. "ఇచ్చారు" అంది. "ఇక్కడ చలి ఎక్కువ" అంది.

మరుసటి చలికాలం ఆఫీసు పని మీద క్రైస్ట్‌చర్చ్ వెళ్తే, తిరుగు విమానానికి ముందు ఆవిణ్ణి చూడబోయాను. పొద్దున్నే మంచు గడ్డకట్టి పచ్చికంతా తెల్లగా, పెళుసుగా ఉంది. రిసెప్షన్‌లో నన్ను చూసి ఆంటీ చెయ్యి పట్టుకుంది. మనిషి చిక్కింది. జుట్టు బాగా నెరిసింది. "టీ తాగుతా ఉండు, అయిదు నిమిషాల్లో వస్తా" అని ఒక కప్పు నా చేతిలో పెట్టి వెళ్లింది.

కిటికీలోంచి చూస్తే ఆవిడ తోటలో ఉంది. వంటగదిలోంచి తెచ్చిన పెద్ద ట్రే ఒకటి చంకన పెట్టుకుని, మంచు పట్టిన ఆకులు, గడ్డిపరకలు, ఒక ఎండిన గులాబీ తుంపి అందులో పేరుస్తోంది. ఎందుకో అర్థం కాలేదు. ట్రే తీసుకుని హాల్లోకి వచ్చింది. అక్కడ కుర్చీల్లో ఒళ్లో దుప్పట్లు కప్పుకుని ముసలివాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. బయటికి వెళ్లలేనివాళ్లు. ఒక్కొక్కళ్ల ముందు వంగి ట్రే పట్టింది. ఒక ముసలాయన వేలుతో ఆకు మీది మంచును గీరి నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంకొకామె గులాబీని చెంపకు ఆనించుకుని "ఊ!" అని అరిచి నవ్వింది. ఆంటీ వాళ్లతో ఏదో అంటోంది, నాకు వినపడటం లేదు. చూపు లేని ఒకామె దగ్గర ట్రే కింద పెట్టి, ఆమె వేళ్లను తన వేళ్లతో పట్టుకుని ఒక్కో ఆకు మీద పెట్టిస్తోంది. ఆమె ప్రతి ఆకు దగ్గరా ఆగుతోంది. ఆంటీ కూడా ఆగుతోంది.

అయిదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. నా టాక్సీ వచ్చింది. చెప్పి వెళ్దామని హాలు తలుపు దాకా వెళ్లాను. ట్రేలో మంచు కరిగి నీళ్లవుతోంది, వరసలో ఇంకా ముట్టుకోనివాళ్లు మిగిలి ఉన్నారు. ఆవిణ్ణి పిలవాలనిపించలేదు. అద్దంలోంచి ఒకసారి చెయ్యి ఊపాను. ఆవిడ ఇటు చూడలేదు. టీ కప్పు రిసెప్షన్ బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.